పావుగంట ఖరీదు

జోల్వా, ఉధ్నా, లింబాయత్... సూరత్ చుట్టూ సాంచాలు (మరమగ్గాలు) నడిచే చోట్ల పనిచేసేవాళ్లు, తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాల వాళ్లతో సహా, చెవి చూపించుకోవడానికి మా దగ్గరికి వచ్చేసరికి చాలా ఆలస్యమైపోతుంది. దాదాపు అందరిదీ ఒకటే మాట: 'వినపడుతోంది సార్, ఏమంటున్నారో తెలియట్లేదు.' వినికిడి పరీక్ష గ్రాఫ్ ఆడియోగ్రామ్‌లో 4000 హెర్ట్జ్ దగ్గర గీత లోయలా దిగి ఉంటుంది. రొద ముందు అక్కడే దెబ్బ తీస్తుంది. మామూలు మాటలకు ముఖ్యమైన కింది స్థాయులు చాలాకాలం బాగానే ఉంటాయి కాబట్టి మనిషికి అనుమానం రాదు. ఒక్కో చెవిలో 15 వేల దాకా ఉండే, శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒకసారి చస్తే మళ్లీ మొలవవు. వాటిని బతికించే మందు నేటికీ లేదు.

అందుకే ఇయర్ ప్లగ్ గురించి ఇంత పట్టుదలగా చెబుతాను. 85 డెసిబెల్స్ రొదను 8 గంటలు భరించవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100కు చేరితే మిగిలేది పావుగంటే. అంటే అంత రొదలో షిఫ్టంతా ప్లగ్గు పెట్టుకుని, మాట్లాడటానికో చెమట తుడుచుకోవడానికో తీసిన నిమిషాలు కలిపి పావుగంటైతే, రోజు మొత్తానికి చెవి ఓర్చుకోగలిగింది అక్కడే ఖర్చైపోతుంది. పైగా మన సాంచాల షిఫ్టు చాలాచోట్ల 12 గంటలు. ఇక చెవిలో దూది కుక్కుకుంటే రక్షణ దాదాపు లేనట్టే.

ప్లగ్గు పెడితే సాంచా తేడా చేసింది తెలియదంటారు. చెవులు బాగున్నవారి విషయంలో ఇది నిజం కాదు. రొదా, ఆ తేడా శబ్దమూ రెండూ సమానంగా తగ్గుతాయి. అప్పటికే వినికిడి దెబ్బతిన్నవారికి మాత్రం ఇబ్బంది నిజమే, వాళ్లకు తగిన ప్లగ్గు ఎంచి ఇవ్వాలి. రొద తగ్గించాల్సింది యజమాని కదా, భారం కూలివాడి మీదెందుకన్న ప్రశ్న ఇంకా బలమైనది. దానితో నాకు పేచీ లేదు. రొదతో వచ్చే చెవుడు చట్టప్రకారం అధికారులకు తెలియజేయాల్సిన జబ్బుల్లో ఒకటి. పరిహారం అడిగే హక్కూ ఉంది. కానీ యంత్రాలు మారేదాకా రోమకణాలు ఆగవు. యజమాని ప్లగ్గులు ఇవ్వడంతోపాటు, కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి నెలలోనే ఆడియోగ్రామ్ తీయించాలి. ఏడాది తర్వాత మళ్లీ తీసి పోలిస్తే ఆ లోయ మొదలైందో లేదో తెలుస్తుంది. అప్పటికి అతనికి మాటలు ఇంకా స్పష్టంగానే వినపడుతుంటాయి.