లెక్కకు రాని కూలి

మన భాషలో "లెక్కచేయుట" యను మాటకు రెండర్థములు గలవు. ఒకటి గణించుట, రెండవది గౌరవించుట. గృహములలో స్త్రీలు చేయు పనికి రెండవ లెక్క చాలకుండుటకు మొదటి లెక్క లేకపోవుటయే ముఖ్యకారణమని మాకు తోచుచున్నది.

మా వీథిలోని యొక సోదరి కొంతకాలముగా ఇంటిలో కొబ్బరినూనె సబ్బులు చేయుచున్నది. బంధువులు వాడి మెచ్చుకొనిరి. అమ్మిన బాగుండునని అందఱును ప్రోత్సహించిరి. అప్పు కావలెనన్న వ్యాపారప్రణాళిక వ్రాసి తెమ్మని బ్యాంకువారనగా, ఆమె కాగితములతో మాయొద్దకు వచ్చెను. ఇల్లు అలుకగనే పండుగ కాదు; సబ్బు గట్టిపడినంతనే వ్యాపారమును కాదు. ఆ ప్రణాళిక వ్రాయుటలో మాకు బోధపడిన సంగతులు చదువరులలో పలువురకు పనికివచ్చునని యిచట తెలుపుచున్నాము.

ప్రణాళిక యనగా అలంకారములతో గూడిన విజ్ఞాపన కాదు. ఏ వస్తువును, ఎంత ఖర్చుతో చేసి, ఎవరికి, ఏ వెలకు అమ్మెదము? పెట్టిన సొమ్ము ఎన్నినాళ్లకు తిరిగి చేతికి వచ్చును? ఈ ప్రశ్నలకు దాపరికము లేక తనకు తాను చెప్పుకొను సమాధానమే ప్రణాళిక.

మొదట వస్తువు. కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బగుటకు సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా కావలెను. చర్మమునకు తీక్ష్ణము కాకుండ నూటికి 5 వంతులు తగ్గించి 174 గ్రాములు వేయుదురు. 350 గ్రాముల నీరు చేర్చిన ముద్ద కిలోన్నర దాటును. కాని 4 మొదలు 6 వారములు ఆరునప్పటికి నీరు కొంత యిగిరిపోవును గనుక, 100 గ్రాముల బిళ్లలు 13 వచ్చునని వేసికొనుట క్షేమము. సోడాను నీటిలో వేయవలెనే గాని సోడాపై నీరు పోయరాదు. అల్యూమినియము పాత్రలు వాడరాదు. పసిబిడ్డలు తిరుగు చోట ఈ పని తలపెట్టనే రాదు. కావున కన్నులకు అద్దములు, చేతులకు తొడుగులు, వేఱు పాత్రలు, సరియైన త్రాసు – వీనిని పెట్టుబడిలో మొదటి పంక్తిగా వ్రాసితిమి.

పిదప వెల. మూడు కిలోల నూనెతో చేయు ఒక విడతకు మేము వేసికొన్న అంచనా యిది: నూనెకు 1,200 రూపాయలు, సోడాకు 60, పరిమళమునకు 120, పొట్లములకు 156, వెరసి 1,536. విద్యుత్తునకును, రవాణాకును 100 చేర్చిన 1,636. వచ్చిన 39 బిళ్లలలో విరిగినవియు, మచ్చునకు ఇచ్చినవియు పోగా 36 అమ్మకమునకు నిలిచిన, ఒక్కొక్కదానికి పడినది నలుబదియైదున్నర రూపాయలు. ఆమె 50 రూపాయలకు అమ్మి, బిళ్లకు నాలుగున్నర లాభము పొందవచ్చునని సంతసించుచుండెను.

ఆ పట్టికలో ఒక పంక్తి లేదు. కలుపుట, కోయుట, పొట్లములు కట్టుట, అంగళ్లకు చేర్చుట – అన్నియు కలిసి ఆఱు గంటల పని. గంటకు 60 రూపాయల చొప్పున 360 వేయుమంటిమి. అత్తగారు నవ్వి, "ఇంట కూర్చుండి చేయు పనికి కూలి యేమిటమ్మా!" అనిరి.

"పిన్నిగారూ, కోడలికి జ్వరము వచ్చిన నాడు ఈ పనికి మఱియొకరిని పిలిచిన ఊరక చేయుదురా?" యని యడిగితిమి.

"ఊరక యెవరు చేయుదురు? ఇయ్యవలసినదే."

"ఆ యిచ్చునదే యిచట వ్రాయుచున్నాము."

ఆమె మాఱుపలుకలేదు. కూలి చేర్చినంతనే బిళ్ల ఖరీదు యేబదియైదు రూపాయలు దాటెను. అనగా 50 రూపాయలకు అమ్మినచో లాభము మాట యటుండ, బిళ్లకు ఐదు రూపాయలకు పైగా ఆమె తన ఒంటి కష్టమునుండి కొన్నవారికి దానము చేయుచున్నదన్నమాట! అంగడివానికి నూటికి 20 వంతులిచ్చినచో 75 రూపాయలకు అమ్మినగాని నాలుగున్నర మిగులదు. ఆ వెలకు కొనువారు తక్కువ. పెద్ద కర్మాగారముల సబ్బుతో చౌకదనమున పోటీపడుట ఈమె వలన కాదు; కావున సగము సరకును అంగడికి, సగమును శుభకార్యములలో పంచిపెట్టు కానుకలకై నేరుగా ఇండ్లకు అమ్మునట్లు నిర్ణయించితిమి.

మఱియొక చిక్కు కాలము. ఆరుటకు 6 వారములు, అంగడివాడు డబ్బిచ్చుటకు నెల. వెరసి సుమారు 10 వారములు. వారమునకొక విడత చేసినచో, తొలి రూపాయి తిరిగి వచ్చులోపల సామగ్రికే 15,360 రూపాయలు వెచ్చింపవలెను. కాగితముపై లాభము కనబడుచుండగనే చేతిపెట్టె ఖాళీయగుట యిందువలననే. 2015లో వెలసిన ముద్రా యోజనలో శిశు తరగతి క్రింద 50,000 రూపాయల వఱకు అప్పు దొరకును; కాని ఎంత కావలెనో, ఎప్పుడు తీర్పగలమో చెప్పగలిగినవారికే అప్పు మేలు చేయును.

చట్టమును మఱువరాదు. అమ్మకమునకై స్నానపు సబ్బు చేయువారు 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారము అనుమతి పొందవలెను. పొట్లముపై చేసినవారి పేరు, చిరునామా, తూకము, వెల ఉండవలెను. ఇంతకంటె ముఖ్యము సత్యము. "రసాయనములు లేని సబ్బు" అని వ్రాయుదమని యొకరు సలహా చెప్పిరి. సోడా లేక సబ్బు పుట్టదు! శరీరమును తెల్లగా చేయునని వ్రాసిన బాగుగ అమ్ముడుపోవునని మఱియొకరనిరి. మన ఆడపిల్లల మేనిఛాయను నిందించి ధనమార్జించుట కంటె వ్యాపారము మానుకొనుటయే మేలని ఆ సోదరియే బదులు చెప్పెను.

ప్రణాళిక ముగిసినపుడు, తొలి యేడు లాభము స్వల్పమే యని తేలెను. అయినను కూలి పంక్తిని ఆమె కొట్టివేయలేదు. లాభము రాకున్నను కూలి దక్కవలెను. కూలియు దక్కనిచో ఆ వ్యాపారము ఎవరి పొట్ట కొట్టి నడుచుచున్నదో పట్టికయే చెప్పును. సబ్బే కానక్కఱలేదు, అప్పడములు, ఊరగాయలు, కుట్టుపని – ఇంట ఏ వృత్తి సాగుచున్నను, నేటి రాత్రియే ఒక కాగితము తీసికొని ఆ పంక్తిని వ్రాసి చూడుడని మా సోదరీమణులను, వారి యింటివారిని కోరుచున్నాము.