భీమిలి మీదుగా ఆనందపురం

విశాఖలో పని ముగించుకుని ఆనందపురం ఇంటికి చేరడానికి రెండు దారులున్నాయి. హనుమంతవాక, మధురవాడ, కొమ్మాది మీదుగా జాతీయ రహదారి తిన్నగా తీసుకొచ్చి దించుతుంది. రెండోది చుట్టుదారి. ఆర్కే బీచ్ దగ్గర బయల్దేరి, సముద్రాన్ని కుడిచేతి వైపు పెట్టుకుని, రుషికొండ, మంగమారిపేట దాటి భీమిలి చేరాలి. అక్కడి నుంచి తగరపువలస వైపు మళ్లి హైవే ఎక్కాలి. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఈ బీచ్ రోడ్డును కూడా ఆరు వరుసలకు పెంచాలన్న మాట కొన్నేళ్లుగా వినపడుతోంది. పెంచకూడదనే నేనంటాను. తొందరున్నవాళ్లకు హైవే ఉంది. చుట్టుదారి చుట్టుదారిగానే ఉండాలి.

ఎందుకంటే ఈ దారి పక్కన ఉన్నవేవీ మళ్లీ తయారయ్యేవి కావు. తొట్లకొండ మీది బౌద్ధారామం 1976లో నౌకాదళం విమానంలో సర్వే చేస్తుండగా బయటపడింది. రాతిలో తొలిచిన నీటి తొట్లే ఆ కొండకు పేరయ్యాయి. ఇంకా ముందుకు పోతే భీమిలికి ఇవతల ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. మట్టి అంటున్నాం గానీ అది ఇసుక. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి మోసుకొచ్చి పోగేసింది. తర్వాత వేల ఏళ్లపాటు ఇనుము తుప్పు రేణువు రేణువుకూ పట్టింది. లోపల తెల్లటి పలుగురాయి, పైన సన్నటి ఎర్ర పూత, అంతే. కలిపి కట్టి ఉంచే గట్టి బంధమేదీ లేదు కనుక వాన నీరు దిగిన చోటల్లా గాడి పడుతుంది, గాడి పెరిగి మనిషి లోతు వాగవుతుంది. అంచున నిలబడితే కాలి కింద ఇసుక జారి అడుగుకు చేరడం కనిపిస్తుంది. 2014లో జాతీయ భూవారసత్వ స్థలమనీ, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటనీ గుర్తింపులు వచ్చాయి. ఆ గుర్తింపు దిబ్బను నిలబెట్టదు. పక్కనే రోడ్డు కోసం నేలను తవ్వి చదును చేస్తే వాన నీరు కొత్త వాలు వెతుక్కుంటుంది.

అమెరికాలో ఉత్తర కాలిఫోర్నియా తీరాన ఇదే ప్రశ్న వచ్చింది. అక్కడి రెడ్‌వుడ్ చెట్లు వంద మీటర్లు దాటి పెరుగుతాయి, వానల్లేని వేసవిలో సముద్రపు పొగమంచు తాగి బతుకుతాయి. కొత్తగా పడిన హైవే వెంటే గొడ్డళ్లు వచ్చాయి. 1917లో అదే దారిన వెళ్లిన ముగ్గురు ఆ నరుకుడు చూసి కలవరపడ్డారు. మరుసటి ఏడు రెడ్‌వుడ్ల రక్షణకు ఒక సంఘం పుట్టింది. 1960లో వేగానికి వేరే రహదారి వేసి, పాత రోడ్డును చెట్ల మధ్య అలాగే ఉంచారు. యాభై కిలోమీటర్ల ఆ దారిలో ఇప్పటికీ నిదానంగానే పోవాలి. వాళ్లకు డబ్బుంది, చోటుంది, చేశారు అనొచ్చు. కానీ వాళ్లు కాపాడింది అంతా పోయాక మిగిలిన కొసరును. మనకైతే ఆ వేరే రహదారి ముందే ఉంది. అనకాపల్లి నుంచి ఆనందపురం దాకా ఆరు వరుసలు వేసి వాహనాలను ఊరి బయటి నుంచే తిప్పాం కూడా.

తీరపు ఊళ్లు వెనకబడిపోవా అన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. జాలరిపేటలకు బస్సు కావాలి, ఐసు బండి రావాలి, పడవలు పెట్టుకునే జాగా ఉండాలి. నిజమే. కానీ ఇంటికీ ఇసుకకూ మధ్య వలలు మోస్తూ, చేపల తట్టలతో రోజుకు ఎన్నోసార్లు రోడ్డు దాటేవాళ్లకు ఆరు వరుసల వేగం మేలు చేయదు. పైగా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ తీరం ఎంత దెబ్బ తిన్నదో నగరమంతా చూసింది. అలకు అంత దగ్గరగా ఖరీదైన కట్టడం పెట్టి, తర్వాత దాన్ని కాపాడటానికి బండరాళ్లు పోస్తూ కూర్చోవడం తెలివైన ఖర్చు కాదు.

గోస్తని బొర్రా గుహల దిక్కు నుంచి దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడితో తీరపు దారి మనకు అయిపోతుంది, తగరపువలస దగ్గర హైవే ఎక్కి ఆనందపురం చేరతాం. ఆనందపురం జంక్షన్‌లో పూల మార్కెట్ ఉంది. బంతి, చామంతి వాడకముందే నగరం చేరాలి, గంట ఆలస్యమైతే రైతుకు ధర పడిపోతుంది. ఆ పూల మూటలకు హైవే కావాలి, అవి హైవే మీదే పోతున్నాయి.