ఎవడయ్యా ఆ మనిషి?

2017లో డ్రూ స్టోన్ అనే దర్శకుడు తీసిన ఒక అమెరికన్ డాక్యుమెంటరీ గురించి ఈ టపా. దాని పేరులో ఒక మోటు మాట ఉంది. ఆ మాటను పక్కన పెట్టి తెలుగులో చెప్పుకుంటే, "ఇంతకీ ఎవడయ్యా ఆ మనిషి?" అని అర్థం. జవాబు: మైకెల్ అలాగో. మీరీ పేరు విని ఉండకపోతే ఆశ్చర్యమేమీ లేదు. ఆల్బమ్ అట్ట మీద సన్నటి అక్షరాల్లో ఎక్కడో కనబడే పేర్లలో అదొకటి. 'మెటాలికా' అన్న మాట మాత్రం, హెవీ మెటల్ అనగానే చెవులు మూసుకునేవారికి కూడా తెలిసే ఉంటుంది. కుర్రాళ్ళ నల్ల టీషర్టుల మీదైనా చూసి ఉంటారు. ఆ బృందాన్ని ఎలెక్ట్రా అనే పెద్ద రికార్డు సంస్థలోకి తీసుకువచ్చినవాడు ఇతను.

రికార్డు సంస్థల్లో 'ఏ అండ్ ఆర్' అని ఒక ఉద్యోగం ఉంటుంది. ఆర్టిస్ట్స్ అండ్ రెపర్టరీ. రాత్రుళ్ళు క్లబ్బుల వెంట తిరిగి, పేరులేని బృందాలను విని, ఎవరి మీద సంస్థ సొమ్ము పెట్టవచ్చో తేల్చి, ఆ తర్వాత అటు కళాకారులకూ ఇటు కంపెనీకీ మధ్య నలగడం ఆ ఉద్యోగంలోని పని. ఇతను పాట కట్టడు, పాడడు, వాయించడు. వింటాడు. విన్నదాన్ని నమ్ముతాడు. తాను నమ్మినదాన్ని, నమ్మని మరో పదిమంది చేత నమ్మిస్తాడు.

అలాగో 1959లో పుట్టాడు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, ఛాందస యూదులు ఎక్కువగా నివసించే పేటలో పెరిగిన ప్యూర్టోరికన్ కుటుంబపు పిల్లవాడు. సంగీతం పిచ్చితో డాన్సిటీరియా, రిట్జ్ వంటి క్లబ్బుల్లో చేరి, అక్కడ ఎవరెవరు పాడాలో ఏర్పాటు చేసే పనిలో కుదురుకున్నాడు. అక్కడి నుంచి 1983లో ఎలెక్ట్రాకు. 1984 ఆగస్టు 3న న్యూయార్క్‌లోని రోజ్‌లాండ్ బాల్‌రూమ్‌లో మెటాలికా, ఆంత్రాక్స్, రావెన్ బృందాలు ఒకే వేదిక మీద వాయించాయి. ఆ రాత్రి విన్న మెటాలికాను అతను ఎలెక్ట్రాకు ఒప్పించాడు. అప్పటికి అతనికి పాతికేళ్ళు నిండలేదు.

అయితే ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. మెటాలికాను 'కనిపెట్టింది' నిజంగా ఇతనేనా? కాదు. న్యూజెర్సీలో పాత సామాన్లు అమ్మే సంతలో రికార్డుల దుకాణం నడుపుకుంటున్న జాన్ జజూలా, అతని భార్య మార్షా అంతకుముందే ఆ కుర్రాళ్ళ డెమో టేపు విన్నారు. కాలిఫోర్నియా నుంచి వాళ్ళను తూర్పు తీరానికి రప్పించారు. రికార్డు వేసేవారెవరూ దొరక్క, మెగాఫోర్స్ పేరుతో తామే ఒక సంస్థ పెట్టి, 1983లో 'కిల్ ఎమ్ ఆల్' విడుదల చేశారు. ఆ టేపు వాళ్ళ దాకా చేరిందంటే, దాన్ని చేతి నుంచి చేతికి నకళ్ళు తీసి పంచుకున్న అనామక శ్రోతలు ఎందరో. అంటే తెర వెనుక మనిషికి వెనక మరొక తెర, దాని వెనక మరికొందరు. డాక్యుమెంటరీ ఒక్కరి కథ గనుక వెలుగు ఒక్కరి మీదే పడుతుంది. దాన్ని నేను తప్పు పట్టను గానీ, చూసేవారు మిగతా తెరలను కూడా ఒకసారి తలుచుకోవాలని మాత్రం అనిపించింది.

ఈ సినిమా చూస్తున్నంతసేపూ నాకు గుర్తుకొచ్చినవాడు రాజశేఖరుడు. సుమారు వెయ్యేళ్ళ కిందటి ఆ ఆలంకారికుడు కావ్యమీమాంసలో ప్రతిభను రెండుగా విభజించాడు. సృష్టించే కవిది కారయిత్రి. గ్రహించే భావకుడిది భావయిత్రి. ఈ రెండోది లేకపోతే కవి శ్రమ అనే చెట్టు కాయకుండా గొడ్డుపోతుందన్నాడాయన. అంటే వినడం కూడా ప్రతిభే. ప్రతిభకు మిగిలిపోయిన చోటు కాదు. భావకుల్లో రకాలు కూడా చెప్పాడు. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డితో సహా దొరికిందల్లా తినేవాడు సతృణాభ్యవహారి. అసూయతో వినేవాడు మత్సరి. ఇక లోపలి తత్త్వాన్ని పట్టుకునేవాడు తత్త్వాభినివేశి. ఇతను వెయ్యిమందిలో ఒకడుంటే ఉంటాడట!

అలాగో చేసిన ఎంపికలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మొదట సతృణాభ్యవహారే అనిపిస్తాడు. మెటాలికా సరే. గెఫెన్ సంస్థలో ఉన్నప్పుడు వైట్ జాంబీ. మళ్ళీ ఎలెక్ట్రాలో నీనా సిమోన్! ఆమె చివరి స్టూడియో ఆల్బమ్ 'ఎ సింగిల్ వుమన్' 1993లో వెలువడడం వెనక ఉన్నది ఇతనే. చెవులు చిల్లులు పడే గిటార్లకూ, పియానో ముందు కూర్చున్న ఆ నల్లజాతి మహాగాయనికీ ఏమిటి పొత్తు? సినిమా అయ్యాక మెటాలికా రెండో ఆల్బమ్ 'రైడ్ ద లైట్నింగ్' వెతుక్కుని విన్నాను. 'ఫేడ్ టు బ్లాక్' ఒంటరి గిటార్‌తో ఎంత నెమ్మదిగా మొదలవుతుందో! బతకాలనే కోరిక సడలిపోతున్న మనిషి గొంతు అది. 'ఫర్ హూమ్ ద బెల్ టోల్స్' హెమింగ్వే నవల పేరు పెట్టుకున్న పాట. పొత్తు ఏమిటో అప్పుడు కొంత తెలిసింది. మోత వెనక ఉన్న మనిషిని విన్నాడతను.

అతనికి అది ఎలా సాధ్యమైంది? సినిమాలో నన్ను ఎక్కువగా కదిలించిన భాగం ఇక్కడే ఉంది. అలాగో స్వలింగ ప్రేమికుడు, దాన్ని దాచుకోలేదు. మెటల్ ప్రపంచం మగతనాన్ని తోలు కోటులా తొడుక్కు తిరిగే ప్రపంచం. జూడాస్ ప్రీస్ట్ గాయకుడు రాబ్ హాల్‌ఫోర్డ్ అంతటివాడు తన సంగతి బహిరంగంగా చెప్పుకున్నది 1998లో. అటువంటి చోట, అంతకు పదిహేనేళ్ళ ముందునుంచే, ఇతను తానుగానే మసిలాడు. తనకు చోటులేని గదిలో నిలబడడం అలవాటైనవాడికి, అలాగే నిలబడ్డ మరొకరి గొంతు త్వరగా వినబడుతుందేమో. ఇది నా ఊహ మాత్రమే.

తర్వాత హెచ్.ఐ.వి. మద్యం, మాదకద్రవ్యాలు. ఎయిడ్స్‌తో మృత్యువు అంచుదాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. 1996 ప్రాంతంలో కొత్త మందుల కలయికలు వచ్చాక ఎందరో అలా బతికి బయటపడ్డారు. అంతకుముందు పోయినవారు పోయారు. వ్యసనాల నుంచి కూడా బయటపడి, ఫొటోగ్రాఫర్‌గా మరో జీవితం మొదలుపెట్టాడు. 2020లో ఆత్మకథ కూడా వెలువరించాడు.

ఆ మహమ్మారికి ఒక గాయకుడు బలైతే, అతను పాడకుండా మిగిలిపోయిన పాటల కోసం లోకం దుఃఖిస్తుంది. 1991లో ఫ్రెడీ మెర్క్యురీ పోయినప్పుడు అదే జరిగింది. మరి అతని తరంలోనే, అవే క్లబ్బుల్లో, వినగలిగినవాళ్ళు కూడా పోయారు కదా! క్లబ్బు ఏర్పాట్లు చూసేవాళ్ళు, రికార్డు దుకాణాల్లో కూర్చునేవాళ్ళు, "ఒక్కసారి ఇది వినండి" అని ఆఫీసుల్లో పోరేవాళ్ళు. వాళ్ళ పేరు మీద ఒక్క పాటా లేదు గనుక వాళ్ళతో ఏం పోయిందో లెక్క కట్టే దారి కూడా లేదు. ఎవరు వినకపోవడం వల్ల ఏ బృందం గరాజులోనే ఆగిపోయిందో ఎవరు చెప్పగలరు?

సినిమాగా దీనికి లోపాలున్నాయి. అందరూ పొగిడేవారే. జేమ్స్ హెట్‌ఫీల్డ్, సిండీ లాపర్, జాన్ లైడన్ వంటివారు తెర మీదకు వచ్చి ఆప్యాయంగా మాట్లాడతారు. ఎదురు ప్రశ్న వేసేవారు తక్కువ. అయినా చూడండి. పాడేవారి మీద సినిమాలు కొల్లలు. వినేవాడి మీద తీసినది నేను చూడడం ఇదే మొదలు.