కాడుగోడి నుంచి కందాయ భవన్ దాకా

బెంగళూరులో స్థలమో ఫ్లాటో కొనే బయటివాడికి అన్నిటికన్నా ముందు కావలసింది, ఆ బేరంలో తన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా డబ్బు తీసుకోని లాయరు. ఈ ఊళ్లో ఆ బయటివాడు చాలాసార్లు తెలుగువాడే. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడ్డవాడు కావచ్చు, డాలస్‌లో ఉంటూ వాట్సాప్‌లో ఫోటోలు చూసి కొనేవాడు కావచ్చు. ఇద్దరికీ ఇక్కడి రికార్డులు కొత్త. ఇక్కడి మనుషులు మాత్రం కొత్తగా అనిపించరు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఆ సంగతి ఊరి తూర్పు అంచునున్న కాడుగోడిలో బాగా తెలుస్తుంది. నా ప్రయాణం అక్కడి నుంచే. వైట్‌ఫీల్డ్, సర్జాపుర, హొసకోటె వైపు గ్రామాల్లో పాత భూస్వాముల కుటుంబాలు చాలావాటిలో ఇంటి భాష తెలుగే. టీ కొట్టు దగ్గర బ్రోకరు తెలుగులో పలకరిస్తాడు, అమ్మే రెడ్డిగారు తెలుగులో బేరం చెబుతారు. కొనేవాడు 'మనవాళ్లే' అనుకుని సగం మెత్తబడతాడు. దస్తావేజులు మాత్రం కన్నడంలో ఉంటాయి. అక్షరాలు కూడబలుక్కుని అచ్చు చదవగలిగినా, యాభై ఏళ్ల కిందటి చేతిరాత విభాగపత్రం (పంపకాల దస్తావేజు) దగ్గర తెలుగువాడి చదువు ఆగిపోతుంది.

లాయరు మాట ఎత్తగానే ఇక్కడ వినిపించే జవాబు, "మా ప్రాజెక్టుకు నాలుగు బ్యాంకులు లోను ఇస్తున్నాయి సార్, వాళ్ల లాయర్లు అంతా చూసేశారు." అది అబద్ధం కాకపోవచ్చు. కానీ బ్యాంకు ప్యానెల్ లాయరు చూసేది తన బ్యాంకు అప్పు క్షేమం. బిల్డరు ఇచ్చే లీగల్ ఒపీనియన్‌కు ఫీజు ఇచ్చింది బిల్డరు. బ్రోకరు పంపిన లాయరుకు రేపటి పని కూడా ఆ బ్రోకరే ఇవ్వాలి. ఇంగ్లండులో ఇల్లు కొనేవాడికీ అమ్మేవాడికీ మామూలుగా వేర్వేరు సొలిసిటర్లుంటారు. ఫ్రాన్సులో దస్తావేజు రాసే నోటరీ ప్రభుత్వం నియమించిన అధికారి. మన దేశంలో కొనేవాడు లాయరును పెట్టుకు తీరాలన్న నియమం లేదు. పెట్టుకోకపోయినా రిజిస్ట్రేషన్ జరిగిపోతుంది.

2023 అక్టోబరులో పర్పుల్ లైన్ మెట్రో కాడుగోడిని నగరం నడిబొడ్డుతో నేరుగా కలిపింది. ఎం.జి. రోడ్డు దాటాక రైలు భూగర్భంలోకి దిగుతుంది. విధానసౌధ స్టేషన్లో పైకి వస్తే ఎదురుగా అట్టార కచేరి, 1860లలో కట్టిన ఎర్రటి భవనం, ఇప్పటి హైకోర్టు. ఈ కోర్టు మెట్లెక్కే లాయరైనా, ఇంకెక్కడి లాయరైనా, ఎవరి మనిషో తెలుసుకునే హక్కు కక్షిదారుకు ఉంది. అవతలి పక్షంతో తనకేమైనా సంబంధం ఉంటే పని మొదట్లోనే కక్షిదారుకు చెప్పాలని, ఒక పక్షానికి పనిచేసిన వ్యవహారంలో ఎదుటి పక్షానికి పనిచేయకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చెబుతాయి. లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదన్నది కూడా ఆ నియమాల్లోదే. అందుకే మంచి లాయరు బోర్డులు చూస్తే దొరకడు, నోటి మాట మీదే దొరుకుతాడు. ఆ నోరు బ్రోకరుది కాకుండా చూసుకోవాలి.

తర్వాతి స్టేషన్లో దిగితే కెంపేగౌడ రోడ్డు. సిటీ సివిల్ కోర్టు, రెవెన్యూ ఆఫీసులున్న కందాయ భవన్, వెనక గాంధీనగర్ సందుల్లో లాయర్ల గదులు. అసలు పని ఇక్కడ జరుగుతుంది. మదర్ డీడ్ (మూల దస్తావేజు) నుంచి ఇవాళ్టి దాకా చేతులు మారిన ప్రతి దస్తావేజూ చూడటం అందులో మొదటిది. రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయడం ఎవరికైనా చేతనవును, కానీ కంప్యూటర్లో ఉన్నది 2004 ఏప్రిల్ నుంచే. అంతకు ముందువాటికి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరగాలి. ఖాతా పన్ను కట్టడానికి పుట్టిన కాగితం, అది సక్రమమైన ఆస్తులకిచ్చే ఎ ఖాతా అయినా సరే హక్కును తేల్చదు. ఇక వంశవృక్షం. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చట్టమైంది, కర్ణాటకలో 1994లో, దేశమంతటా 2005లో. విభాగపత్రంలో అక్కచెల్లెళ్ల సంతకాలు లేని భూమి ఎంత చవకగా వస్తున్నా అనుమానించాల్సిందే. దళితులకు, గిరిజనులకు ప్రభుత్వం ఇచ్చిన భూమి అయితే కర్ణాటక 1978 చట్టం కింద ఆ అమ్మకమే చెల్లకపోవచ్చు.

ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. గెజిట్‌లో వచ్చిన భూసేకరణ నోటిఫికేషన్ కనిపించదు. దీనికి నిదర్శనం నగరం ఉత్తరాన, యలహంక దాటాక ఉంది. శివరామ కారంత లేఅవుట్ కోసం బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ 2008 డిసెంబరులో 17 గ్రామాల్లో మూడున్నర వేల ఎకరాలకు పైగా భూసేకరణ నోటిఫికేషన్ ఇచ్చింది. తర్వాత హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ధైర్యంతో సోమశెట్టిహళ్లి, మేడి అగ్రహార వంటి చోట్ల సైట్లు అమ్ముడయ్యాయి, ఇళ్లు లేచాయి. 2018 ఆగస్టులో సుప్రీంకోర్టు లేఅవుట్ వేయాల్సిందేనంది. అప్పటికే కట్టిన ఇళ్ల సంగతి తేల్చడానికి విశ్రాంత న్యాయమూర్తి ఎ.వి. చంద్రశేఖర్ నాయకత్వంలో కమిటీ వేయాల్సి వచ్చింది. ఆ వీధుల్లో తిరుగుతుంటే నాకు అర్థమైంది ఒకటే. అక్కడ కొన్నవాళ్లకు కావలసింది ఈసీ చూసే లాయరు కాదు, "అప్పీలు ఇంకా నడుస్తోంది, ఇప్పుడు కొనకండి" అనగలిగే లాయరు. బేరం కుదిరితేనే కమీషను వచ్చేవాడి నోట ఆ మాట రాదు.

విదేశంలో ఉండి కొనేవాళ్లకు ఇంకో రెండు జాగ్రత్తలు. కర్ణాటక 2020లో భూసంస్కరణల చట్టాన్ని సవరించి, సాగు చేయనివాళ్లు కూడా వ్యవసాయ భూమి కొనొచ్చంది. విదేశీ మారక చట్టం (ఫెమా) నిబంధనలు మాత్రం మారలేదు. ఎన్నారైలు వ్యవసాయ భూమి, ఫార్మ్‌హౌస్ కొనకూడదు. వ్యవసాయేతర వాడకానికి కన్వర్షన్ కాని రెవెన్యూ సైటు కాగితాల్లో వ్యవసాయ భూమే. రెండోది పవరాఫ్ అటార్నీ. అక్కడ రాసి పంపిన పత్రం ఇండియా చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. ఆ పత్రంలో పేరు బిల్డరు మేనేజరుది ఉంటే లాయరును విడిగా పెట్టుకుని ప్రయోజనం ఉండదు.

లాయరును ఎంచుకునేటప్పుడు ఈ బిల్డరుకు, ఈ బ్రోకరుకు ఎప్పుడైనా పనిచేశారా అని ముఖాన అడగాలి. ఎన్‌రోల్‌మెంట్ నంబరు రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో సరిచూసుకోవాలి. పాత కన్నడ పత్రాలు స్వయంగా చదవగలవాడై ఉండాలి. ఒపీనియన్ తన లెటర్‌హెడ్ మీద, సంతకంతో, కొనేవాడి పేరున రాయాలి. ఏ పత్రాలు చూడలేదో కూడా అందులో ఉండాలి. ఫీజు రిజిస్ట్రేషన్ జరిగినా జరగకపోయినా ఒకటేలా మాట్లాడుకోవాలి. ఇదంతా అడ్వాన్సుకు ముందే జరగాలి. ఆ అడ్వాన్సుకూ హద్దుంది: రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం, అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా బిల్డరు ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు.