మగ్గాల నడుమ పాటల పోటీ

సోలాపురం అశోక్ చౌక్ దాటి మన పద్మశాలీల సందుల్లోకి వస్తే మొదట వినిపించేది మనిషి మాట కాదు, మరమగ్గం. ఇండ్లలో ఆడవారు బీడీలు చుడుతుంటారు. పిల్లలకు బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు.

1996లో ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యంగారి 'పాడుతా తీయగా' మొదలైన నాటినుండీ ఇక్కడి పిల్లలకూ పాట పిచ్చి పట్టింది. 2022 డిసెంబరులో ఆర్మేనియావారు 16 దేశాల పిల్లలను యెరెవాన్‌కు పిలిచి, టెలివిజన్‌లో జూనియర్ యూరోవిజన్ పోటీ నడిపారు. ముందటి ఏడు పారిస్‌లో వారి పిల్ల గెలిచింది మరి! 30 లక్షల జనం ఉన్న దేశమే ఆ పని చేయగా, మన సందు చేయలేదా అనుకొన్నాను. (గుమాస్తా బుద్ధి, ముందు ఖర్చు లెక్క వేశాను.)

"రెండు గంటలు మగ్గాలు ఆపండి మామా," అన్నాను పొరుగాయనతో.

"ఆపితే కూలి ఎవరిస్తరు బిడ్డా?"

నిజమే, నేసినంతకే కూలి. మిద్దెమీద పోటీ పెట్టాము. కింద మగ్గాలు ఆగలేదు. వెనుక వరుసవారికి సగం పాటలు వినబడలేదు. మనుమరాలి వంతు రాగానే మామ తన మగ్గం ఆపి మెట్లమీదికి వచ్చి నిలబడ్డాడు. పాట కాగానే దిగిపోయాడు.