బండి మూత బీగం

మా తండాలో ఇంటికొక ఆవు లేకపోయినా ఇంటికొక బండి ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి షిఫ్టు పనికి పోయేవాళ్ళకు, హిందూపురం తూముకుంట పారిశ్రామికవాడకు పోయేవాళ్ళకు, ధర్మవరం పట్టుచీరల మగ్గాల దగ్గర కూలి చేసేవాళ్ళకు బండే ఆధారం. తెల్లవారుజాము షిఫ్టుకు బస్సు తండాదాకా రాదు. మా తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊళ్ళు తిరిగారు. దాన్ని లదేణి అనేవాళ్ళు. రైళ్ళు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారం పోయింది. ఇప్పుడు ఎద్దు చోట బండి నిలబడింది.

మేము కొనేవి చేతులు మారి వచ్చిన పాత బండ్లు. హ్యాండిల్ దగ్గర బీగం ఒకటి ఉంటుంది, పెట్రోలు ట్యాంకుకు ఎవరో మార్చిన మూత బీగం ఇంకొకటి ఉంటుంది. మా వైపు తాళాన్ని బీగమనే అంటాం. రెండు బీగాలకు రెండు చెవులు. రెండో చెవి పోతే బంకు దగ్గర నిలబడి కూడా పెట్రోలు పోయించుకోలేం. అందుకని కొందరు మూత పీకేసి ప్లాస్టిక్ కవరు కట్టుకుని తిరుగుతారు. వాన నీళ్ళు, దుమ్ము ట్యాంకులోకి దిగుతాయి. బండి పడితే పెట్రోలు ఒలికి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. లాక్ సెట్టు మొత్తం మార్చాలంటే కూలి డబ్బులు పోతాయి. కాబట్టి మూత బీగాన్ని బండి చెవికే కుదిర్చే పని ఇంట్లోనే నేర్చుకున్నాం.

హిందూపురం బజారులో గొడుగు కింద కూర్చుని చెవులు కోసే పెద్దాయన దగ్గర చూసి నేర్చుకున్నాం. ‘బీగానికి బలం పనికిరాదప్పా, లెక్క కావల్ల’ అనేవాడు ఆయన.

ఆ లెక్క ఇది. మూత బీగం లోపల చిన్న ఇత్తడి పలకలు వరుసగా ఉంటాయి. ఒక్కోదాని కింద సన్నని స్ప్రింగు ఉంటుంది. సరైన చెవి పెడితే పలకలన్నీ లోపలికి సర్దుకుని బీగం తిరుగుతుంది. ఒక్క పలక బయటికి పొడుచుకు వచ్చినా తిరగదు. పలకల ఎత్తులు రకరకాలుగా ఉంటాయి. వాటిని ఏ వరుసలో పేర్చారో ఆ వరుసే చెవి మీద పళ్ళుగా కనిపిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు మూతను ట్యాంకు నుంచి తీసి, ట్యాంకు నోటిని శుభ్రమైన గుడ్డతో గట్టిగా మూయాలి. మూత పట్టుకుని బండికీ పొయ్యికీ దూరంగా పోవాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ పోయి నిప్పును వెతుక్కుంటుంది. బీడీ జేబులోనే ఉండాలి. మూత అడుగున ఉన్న స్క్రూలు విప్పేటప్పుడు పైన గుడ్డ కప్పితే స్ప్రింగులు ఎగిరిపోవు. ప్రతి దశలో ఫోనుతో ఫోటో తీసుకుంటే తిరిగి బిగించడం తేలిక. తర్వాత బండి చెవిని మూత బీగంలో పెట్టి చూడాలి. గాడి కుదరక చెవి లోపలికే పోకపోతే ఆ పని అక్కడితో సరి, మూత మార్చుకోవాల్సిందే. చెవి పోతే ఏ పలకలు పొడుచుకు వచ్చాయో చూసి, వాటి చోట్లు అటూ ఇటూ మార్చాలి. చాలావరకు అక్కడే కుదురుతుంది. కుదరని ఒక్కదాన్ని మాత్రం సన్నని ఆకురాయితో రెండు రుద్దులు రుద్దాలి. అన్నింటినీ రుద్దితే ఏ చెవి పెట్టినా తిరుగుతుంది, అది ఇక బీగమే కాదు.

ఇత్తడి పొడి పూర్తిగా తుడవాలి. నూనె వేయకూడదు, మన నేల దుమ్ము అంటుకుని బిగుసుకుపోతుంది. పెన్సిలు ములుకు పొడి చాలు. మూతలోని గాలి రంధ్రం తెరిచి ఉందో లేదో చూడాలి. అది మూసుకుంటే ట్యాంకులోకి గాలి పోదు, పెట్రోలు కిందికి దిగదు, కొంత దూరం పోయాక బండి ఆగిపోతుంది.

ఇంత చిన్న పనికి మాలో ఇద్దరం గది ఖాళీ చేయాల్సి వచ్చింది. హిందూపురంలో అద్దె గది ముందు పేపరు పరిచి మూత విప్పుకుని కూర్చున్నాం. ఇంటాయన చూసి ఏ తండా మీది అని అడిగాడు. చెప్పాం. ‘బీగాలు విప్పడం ఎవరు నేర్పినారు మీకు?’ అన్నాడు. బండి ఆర్.సి. తెచ్చి చూపించాం. ఆయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. వారం తిరక్కుండా సామాను బండ్ల మీద వేసుకుని వచ్చేశాం. ఎదురింటి కుర్రాడు రోజూ వీధిలోనే బండి మొత్తం విప్పి బిగించేవాడు. వాణ్ణి అందరూ మెకానిక్ అని మెచ్చుకునేవాళ్ళు.

ఆ ప్రశ్న ఆయన సొంతం కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. సుగాలీలు, ఎరుకల వంటి జాతులను పుట్టుకతోనే దొంగలని రాసిన చట్టం అది. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. కాగితం మీద పోయింది గాని నోళ్ళలో ఇంకా ఉంది. దొంగతనం భయంతో బీగం బాగుచేసుకునేవాణ్ణే దొంగగా చూడడం అందులోంచి వచ్చిందే.

అయినా ఈ పని మానుకోము. తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒకటే చెబుతాం. సొంత బండి బీగమే విప్పండి, పట్టపగలు నలుగురిలో విప్పండి. పాత బండి కొన్నప్పుడు ఫారం 29, ఫారం 30 నింపి ఆర్.సి. మీ పేరుకు మార్పించుకోండి. ఇంకొకరి పేరు మీదున్న బండిని చెక్‌పోస్టులో ఆపితే, మనం చెప్పే మాట ఎంతమంది వింటారో మీకు తెలుసు.

మాస్టార్లకు ఒక మనవి. ఆరు పలకలు, ఒక్కో పలకకు నాలుగు ఎత్తులు అనుకుంటే ఎన్ని రకాల చెవులు చేయొచ్చో పిల్లల్ని అడగండి. 4096 అని వాళ్ళే లెక్కగట్టి చెబుతారు. గాలి రంధ్రం మూస్తే పెట్రోలు ఎందుకు దిగదో సైన్సు పాఠంలో అడగండి. బీగం తెలిసిన పిల్లవాణ్ణి చూసి ఎవరు నేర్పారని ఎవరైనా అడిగితే, మా మాస్టరు బడిలో నేర్పారని వాడు తలెత్తి చెప్పగలగాలి.