మా కాన్వెంటు సిస్టర్లు

కోలారు బంగారు గనుల ఊళ్ళో పెరిగినవాళ్ళకు నాలుగు భాషలు రావడం పెద్ద విశేషమేమీ కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సర్కారు కాగితాల్లో కన్నడం, గని దొరల దగ్గర ఇంగ్లీషు. 1880ల నుంచి పొట్ట చేతపట్టుకుని ఉత్తర ఆర్కాటు వైపు నుంచీ చిత్తూరు వైపు నుంచీ వచ్చి గనుల్లో దిగినవాళ్ళ సంతతి మేము. ఆ ఇళ్ళ ఆడపిల్లలందరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది మా కాన్వెంటు.

ఆ మధ్య ఒక క్లాస్‌మేట్ కూతురి పెళ్ళికి బంగారుపేటలో ఏడెనిమిది మందిమి కలిశాం. అందరికీ యాభై దాటాయి. భోజనాలయ్యాక తాంబూలం సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మాటలు సిస్టర్ల మీదికి మళ్ళాయి. తమాషా ఏమిటంటే, ఒకే సిస్టర్ ఒక్కొక్కరికి ఒక్కొక్క రకంగా గుర్తున్నారు.

"లెక్కల సిస్టరా! స్కేలు నిలువుగా పట్టుకుని వేళ్ళ కణుపుల మీద కొట్టేది" అందొకామె.

"కొడితే కొట్టింది లేవే. మా నాన్న గని దుమ్ముకి ఊపిరితిత్తులు పాడై మంచాన పడితే రెండేళ్ళు నా ఫీజు ఆవిడే కట్టించింది. రసీదు మీద మాత్రం మా నాన్న పేరే ఉండేది" అంది ఇంకొకామె. ఇన్నేళ్ళూ ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

ఇంకో జ్ఞాపకం అందరికీ ఒకేలా ఉంది. గని అడుగున ఒత్తిడికి రాయి పగిలితే పైన ఊరంతా అదిరేది. క్లాసులో కిటికీ రెక్కలు గడగడలాడేవి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. ఆ షిఫ్టులో ఎవరి నాన్న దిగాడో వాళ్ళకే తెలుసు. సిస్టర్ పాఠం ఆపేసి, సుద్దముక్క చేత్తో పట్టుకుని అలాగే నిలబడేవారు. ప్రార్థన చెయ్యమని కూడా అనేవారు కాదు. కాసేపటికి, "ఇవాళ ఇంటిలెక్క వద్దు" అనేవారు.

ఇక జుర్మానా సంగతి. బడి ఆవరణలో ఇంగ్లీషు తప్ప ఇంకేది మాట్లాడినా పది పైసలు. తెలుగైనా, తమిళమైనా ఒకటే రేటు. ఆ డబ్బా పట్టుకుని తిరిగేది కూడా లెక్కల సిస్టరే. మా అందరిలోకీ ఎక్కువ పైసలు కట్టిన పిల్ల పెళ్ళిలో నా పక్కనే ఉంది. "నా నోరు కట్టేశారే" అంది, నవ్వుతూనే.

అప్పుడు మా తమిళ స్నేహితురాలు బేతమంగళం చెరువుకి పిక్నిక్ వెళ్ళిన రోజు గుర్తుచేసింది. తిరిగి బస్సెక్కే ముందు సిస్టర్ మమ్మల్ని ఇంగ్లీషులో లెక్కపెట్టారు. ఒకరు తగ్గారు. మళ్ళీ లెక్కపెట్టారు, మళ్ళీ తగ్గారు. కట్ట మీద చీకటి పడుతోంది. మూడోసారి ఆవిడ గొంతు వణికింది. "ఒన్ను, రండు, మూన్ను..." అని వేలితో ఒక్కొక్క తలా తాకుతూ లెక్కించారు. "మా తమిళమైతే రెండు అనాలి. ఆవిడ రండు అంది. అది మలయాళం" అని మా స్నేహితురాలు ఇప్పుడు విడమరిచి చెప్పింది. తప్పిపోయిన పిల్ల బస్సులోనే నిద్రపోతోందట!

ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో పనిచేసినదాన్ని కనుక ఈ మాట నాకు బాగా పట్టింది. కౌంటరులో కూర్చున్నవాళ్ళు ఖాతాదారుతో ఏ భాషలోనైనా మాట్లాడతారు. నోట్ల కట్ట లెక్కపెట్టేటప్పుడు మాత్రం పెదవులు కదిలేది తల్లి భాషలోనే. బదిలీ అంటే మాకు సంసారం, సామాను, లారీ. ఆవిడకు ఒక రేకు పెట్టె. మా ఊళ్ళో మేము తెలుగువాళ్ళం పదిమందిమైనా ఉన్నాం. ఆవిడ భాష మాట్లాడేవాళ్ళు మఠం గోడల లోపల ఇంకెందరుండేవారో. మాకు జుర్మానా వేసిన మనిషి, తన భాషకు ముందే పెద్ద జుర్మానా కట్టి వచ్చింది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. తెల్లవారక ముందే మారికుప్పంలో బెంగుళూరు రైలెక్కి ఉద్యోగాలకు వెళ్ళినవాళ్ళలో మా క్లాసు వాళ్ళూ ఉన్నారు. సిస్టర్ స్కేలుతో నేర్పిన ఇంగ్లీషే వాళ్ళ పొయ్యి వెలిగించింది. ఆ జమను కాదనలేం. అలాగని ఖర్చునూ దాచలేం. జుర్మానా కట్టిన నా స్నేహితురాలు తెలుగు చక్కగా మాట్లాడుతుంది, ఒక్క అక్షరం చదవలేదు. నాకు అక్షరాలు వచ్చాయంటే, మా అవ్వ సాయంత్రాలు పెద్దబాలశిక్ష ముందేసుకుని కూర్చోబట్టి. బడిలో తెలుగు లేదన్నది నిజమే. ఇంట్లో ఓనమాలు దిద్దించడానికి మాత్రం ఏ సిస్టరూ అడ్డు రాలేదు. మన పిల్లలకూ మనవలకూ ఆ పలక ఎవరు పట్టిస్తారన్నది ఈ పత్రిక చదివేవాళ్ళందరం ఆలోచించవలసిన మాట.

ఇది అచ్చయితే నా స్నేహితురాలికి ఫోనులో చదివి వినిపిస్తానని మాటిచ్చాను. మెల్లగా చదవమంది.